నీలమ్మ నాయిన కైలాసయాత్ర

ఈశ్వర నామ సంవత్సరం, వైశాఖ శుద్ధ సప్తమి. నారాయణఖేడ్.

ఈ పుస్తకం గ్రేసమ్మ టీచరు ఇచ్చింది. చిన్నప్పుడు నాకు అక్షరాలు నేర్పింది ఆమే. "మనసుల ఉన్నది రాసుకో చన్నమ్మా, బరువు దిగుతది," అన్నది.

మనసులో ఏమీ లేదు. అందుకని జరిగింది రాస్తాను.

పొద్దున కందిపప్పు ఎండబోశాను. మధ్యాహ్నం ఆయన అన్నానికి వచ్చాడు. సగం తిన్నాక తల ఎత్తకుండానే, "సంగయ్య కైలాసం పోతుండు. జట్టు కడుతుండు. నేను గూడ పోత," అన్నాడు.

కార్తీకం నుంచి ఇప్పటిదాకా ఆయన నాతో ఒక్కసారిగా ఇన్ని మాటలు అనలేదు.

"నేను వస్త," అన్నాను.

"ఆడోళ్లతోని అయితదా? మంచుల నడువాలె."

"సిర్గాపూర్ లక్ష్మవ్వ పోతున్నదంట గద. ముసల్ది."

ఆయన చెయ్యి కడుక్కున్నాడు. సరే అనలేదు, వద్దు అనలేదు.

ఎందుకు వస్తానన్నానో తెలియదు. దర్శనం చేసుకుంటే మంచిదే కదా.

వైశాఖ శుద్ధ దశమి.

గ్రేసమ్మ వచ్చి కూర్చుంది. కార్తీకంలో మా బిడ్డ నీలమ్మను చేనులో ఎట్లా పడుకోబెట్టారు అని అడిగింది. మా లింగాయతుల్లో పడుకోబెట్టరు, కూర్చోబెడతారు అని చెప్పాను. పద్మాసనం వేయించి, ఎడమ అరచేతిలో లింగం పెట్టి, చుట్టూ విభూతి పోశారు. పదేండ్ల పిల్ల, గుంత పెద్దగా తవ్వే పని పడలేదు. ఆయన బీదరు నుంచి వచ్చేసరికి మట్టి కప్పేశారు.

ఇదంతా చెబుతుంటే గ్రేసమ్మే ఏడ్చింది. నేను ఆమెకు మజ్జిగ ఇచ్చాను.

వైశాఖ బహుళ తదియ.

దుకాణం తాళంచేతులు మరిది సంగన్నకు ఇచ్చాడు. మేము లేనన్ని రోజులూ దుకాణం అతనే చూడాలి కాబట్టి. కొత్త ధోవతులూ, వేలి ఉంగరమూ కూడా ఇచ్చాడు. దారిలో దొంగల భయం ఉంటుంది. ఇవ్వడమే మంచిది.

వైశాఖ బహుళ షష్ఠి.

సంగయ్య వచ్చాడు. జంగమయ్య కాబట్టి కాళ్లు కడిగి పీట వేశాను. ఒకసారి కైలాసం పోయివచ్చిన మనిషి ఈ తాలూకాలో సంగయ్య ఒక్కడే. రైళ్లు, అల్మోరా, ఆ తర్వాత వారాల తరబడి నడక, గర్బ్యాంగ్ అనే ఊరు, అక్కడి నుంచి దారి చూపించే కిషన్‌సింగ్, తిబ్బత్తు, అన్నీ చెప్పాడు. చివర కైలాసం చుట్టూ తిరగాలి. అందులో డోల్మా అనే కనుమ ఒకటి ఎక్కాలి. అంత ఎత్తుకు పక్షులు కూడా రావట.

ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు. "ఆడ దేహం ఇడిస్తె మళ్ల పుట్టుక ఉండదంటరు. నిజమేనా అయ్యా?"

సంగయ్య నవ్వాడు. "దేహం ఇడిసెటానికైతె గంత దూరం ఎందుకు మాణిక్యప్పా? మన మంజీర సాలదా? పొయ్యి రావాలె. వచ్చి నలుగురికి చెప్పాలె. అది యాత్ర."

ఆయన నవ్వలేదు. నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. శివభక్తులు అడిగే మాటే అడిగాడు. అందులో ఏముంది.

జ్యేష్ఠ శుద్ధ పాడ్యమి.

మూటలు కట్టాం. ఎండబెట్టిన జొన్నరొట్టెలు, పల్లీల పొడి, కారం, చింతపండు. ఆయన మూటలో తిరిగివచ్చేటప్పుడు కట్టుకోవడానికని రెండు జతలు పెట్టాను. తీసి బయట పెట్టాడు. "బరువు," అన్నాడు. అవి నా మూటలో పెట్టుకున్నాను. నా మూటలో జాగా ఉంది.

జ్యేష్ఠ శుద్ధ పంచమి.

జహీరాబాదు దాకా బండి. అక్కడ రైలెక్కాం. బోరంచ గుడి వైపు తిరిగి నల్లపోచమ్మకు దండం పెట్టుకోమని నీలమ్మకు చెప్పబోయాను.

జ్యేష్ఠ బహుళం. అల్మోరా దాటిన తర్వాత.

ఎన్ని రైళ్లు మారామో గుర్తు లేదు. ఇప్పుడు నడుస్తున్నాం. వాన. జలగలు. ఎక్కుతాం, దిగుతాం, మళ్లీ ఎక్కుతాం. నడక బాగుంది. నడిచేటప్పుడు వేరే పని ఉండదు.

లక్ష్మవ్వ నా పక్కన నడుస్తుంది. నోరు ఆగదు. కొండను తిడుతుంది, వానను తిడుతుంది, తన కోడలిని తిడుతుంది. ఇవాళ ఉన్నట్టుండి, "నీ బిడ్డ ఎట్ల పాయెనే?" అని అడిగింది.

"జరమొచ్చి."

"గంతేనా?"

"గంతే."

కొంతదూరం పోయాక, "మీ ఇద్దరు మాట్లాడుకోరేంది? రైలెక్కినప్పటి సంది సూస్తున్న. నువ్వు ఆయన్ను పిలువనే పిలువవు. దగ్గరికి పొయ్యి నిలబడతవ్," అన్నది.

నిజమే. ఎప్పుడూ 'నీలమ్మ నాయినా' అని పిలిచేదాన్ని. ఇప్పుడు ఏమని పిలవాలో తోచదు. దగ్గరికి పోయి నిలబడితే ఆయనే చూస్తాడు. సరిపోతుంది.

ఆషాఢ శుద్ధ విదియ. గర్బ్యాంగ్.

నల్లచెక్క ఇండ్లు. చలి. కిషన్‌సింగ్ మాకోసం చూస్తున్నాడు. పొట్టి మనిషి, ముఖం ఎండకు మాడి తోలులాగా ఉంది. తిబ్బత్తుకు ఉప్పు బేరానికి పోయివచ్చే ఇంటివాడు. డేరాలు, సామాను మోయడానికి జబ్బూలు సిద్ధం చేశాడు. జబ్బూ అంటే బర్రె కాదు, ఆవు కాదు. ఒంటినిండా వెంట్రుకలు.

మమ్మల్నందరినీ కూర్చోబెట్టి ఉర్దూలాంటి భాషలో కట్టుబాట్లు చెప్పాడు. తాను ముందుకు పోతే ముందుకు పోవాలి, ఆగితే ఆగాలి. నీళ్లు తాగుతూ ఉండాలి. తలనొప్పి దాచొద్దు. అన్నిటికంటే ముఖ్యం, కనుమ మీద ఎవరూ కూర్చోవద్దు. కూర్చుంటే హాయిగా ఉంటుంది, నిద్ర వస్తుంది. అట్లా కూర్చున్నవాళ్లు లేవరు.

"నొప్పి ఉండదా?" అని ఆయన అడిగాడు.

"కుచ్ నహీ. ఏమీ తెలియదు," అన్నాడు కిషన్‌సింగ్.

ఉన్ని చెప్పులు కొన్నాం. నావి కొంచెం వదులు.

ఆషాఢ శుద్ధం. లిపులేఖ్.

కనుమ దాటాం. తల పగిలిపోతున్నది. రాయలేను.

తక్లాకోట్.

తిబ్బత్తు. చెట్టు లేదు. ఎటు చూసినా ఎర్రమట్టి. మన బీదరు మట్టిలాగానే ఉంది అని సంగయ్య సంబరపడ్డాడు. లక్ష్మవ్వకు ఇక్కడి చాయలో ఉప్పు, వెన్న వేస్తారని తెలిసి, "ఇది చాయ గాదు, చారు," అన్నది. అయినా మూడు గిన్నెలు తాగింది.

ఆయన ఒంట్లో బాగుంది. ముఖం తేటగా ఉంది. రోజూ లింగపూజ ఎక్కువసేపు చేస్తున్నాడు. రాత్రి డేరాలో నాతో, "నీకు చెప్పులు ఒరుస్తున్నయా?" అని అడిగాడు. లేదన్నాను.

మానససరోవరం.

అంత నీలంగా నీళ్లు ఉంటాయని అనుకోలేదు. చూశాను. మళ్లీ చూశాను. ఏమీ అనిపించలేదు.

స్నానాలు చేశాం. ఆయన మునిగి చాలాసేపు పైకి రాలేదు. నేను తువ్వాలు పట్టుకొని ఒడ్డున నిలబడ్డాను. సంగయ్య మంత్రం ఆపేసి నీళ్ల వైపు చూడసాగాడు. అప్పుడు లేచాడు. పెదవులు నల్లబడ్డాయి. బయట గాలి ఎక్కువ ఉంది, నీళ్లే వెచ్చగా ఉండి ఉంటాయి.

కైలాసం కనిపించిన రోజు.

లక్ష్మవ్వ నేల మీద పడి ఏడ్చింది. సంగయ్య ఏడ్చాడు. ఆయన చేతులు జోడించి కదలకుండా నిలబడ్డాడు. కిషన్‌సింగ్ కూడా టోపీ తీశాడు. నేనొక్కదాన్నే డేరా తాళ్లు బిగించాను. ఎవరో ఒకరు బిగించాలి కదా.

తెల్లగా, గుండ్రంగా, ఉప్పు కుప్పలాగా ఉంది.

కనుమ కింది మకాం.

రేపు డోల్మా ఎక్కుతాం. ఆయన తన మందపు కంబళి బౌద్ధ సన్యాసి ఒకాయనకు ఇచ్చేశాడు. పాపం, ఆ సన్యాసికి చలేస్తున్నదట.

తర్వాత నా దగ్గరికి వచ్చి, "రేపు నువ్వు లక్ష్మవ్వతోని ముందు నడువు. నేను ఎన్క మెల్లగ వస్త," అన్నాడు.

సరే అన్నాను.

తిథి తెలియదు. కనుమ దాటిన మరునాడు.

నిన్న వేళ్లు వంగలేదు. ఇవాళ రాస్తున్నాను.

తెల్లవారి బయలుదేరినప్పుడు మబ్బు లేదు. ముందు కిషన్‌సింగ్, జబ్బూ మీద లక్ష్మవ్వ, తర్వాత నేను, సంగయ్య. ఆయన చివర. ఇంటంతేసి రాళ్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వాటి మధ్యలో నుంచి మంచు. నాలుగడుగులు వేసి నిలబడాలి. నోరు తెరిచి గాలి మింగాలి. మింగినా కడుపులోకి పోయినట్టు ఉంటుంది గానీ రొమ్ములోకి పోయినట్టు ఉండదు. పాదాలు ఉన్నాయో లేదో చూసుకుంటూ నడిచాను.

పైన ఒక పెద్ద బండ. దాని నిండా రంగుగుడ్డల తోరణాలు. జనం అక్కడ తమ వెంట్రుకలు, పాత బట్టలు వదిలిపోతారు. లక్ష్మవ్వ తన ఊడిన పన్ను ఒకటి కొంగున ముడివేసుకొని తెచ్చింది, అది పెట్టింది. సంగయ్య ఖేడ్ నుంచి మోసుకువచ్చిన కొబ్బరికాయ కొట్టాడు. లోపల నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి.

నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన రాలేదు.

కింద, దారికి కొంచెం పక్కన, చదునైన రాయి మీద ఆయన కూర్చొని ఉన్నాడు. అంగీ విప్పేశాడు. ఒంటినిండా విభూతి. పద్మాసనం వేసుకొని ఎడమ అరచేతిలో లింగం పెట్టుకున్నాడు. మేము నీలమ్మను కూర్చోబెట్టినట్టు.

కిషన్‌సింగ్ పరుగులాంటి నడకతో దిగి, రెక్క పట్టి లేపబోయాడు. ఆయన లేవలేదు. సంగయ్య దిగాడు. చాలాసేపు బతిమాలాడు. ఆయన చెయ్యి ఎత్తి, పొమ్మన్నట్టు ఊపాడు. సంగయ్య పైకి వచ్చి బండకు ఆనుకొని, "రానంటుండమ్మా. తోల్కొచ్చినోణ్ని నేను. నేనేం చెయ్యాలె?" అని తల కొట్టుకున్నాడు.

కిషన్‌సింగ్ ఆకాశం చూపించాడు. పడమట మబ్బు లేస్తున్నది. వడగళ్లు పడకముందే అందరినీ అవతలికి దించాలి. ముసలమ్మను దించి మళ్లీ వస్తాను అన్నాడు. అప్పటికి ఏమవుతుందో అతను చెప్పలేదు, మేము అడగలేదు.

నేను కిందికి దిగాను. దిగడం తేలికగానే ఉంది.

ఆయన ముందు నిలబడ్డాను. ఆయన కండ్లు మూసుకొని ఉన్నాడు. ముఖం ప్రశాంతంగా ఉంది. ఇన్ని నెలల్లో అట్లా చూడలేదు. ఏడ్వాలి అనుకున్నాను, రాలేదు. కాళ్లు పట్టుకోవాలనుకున్నాను, వంగితే మళ్లీ లేవలేనేమో అనిపించింది. చలి కూడా తెలియలేదు. ఊరికే నిలబడ్డాను. నేను వచ్చానని ఆయనకు తెలుసు, అయినా కండ్లు తెరవలేదు. దగ్గర నిలబడితే ఈసారి సరిపోలేదు.

"నీలమ్మ నాయినా," అన్నాను.

కండ్లు తెరిచాడు.

"నీలమ్మ నిన్ను పిలువలే."

అది చెప్పాలని నేను దిగలేదు. నోటికి వచ్చింది.

ఆయన గొంతు పొడిబారి ఉంది. "పిలిచిందంట గద. నాయినా నాయినా అనుకుంటనే పానం ఇడిసిందని మా అక్క చెప్పింది."

"మీ అక్క ఆ దినం ఇంట్ల లేనే లేదు. తెల్లారి వచ్చింది. పీనుగ కాడ ఏడ్సేటోళ్లు అందరు అట్లనే అంటరు."

ఆయన అరచేతిలోని లింగం వైపు చూశాడు. విభూతి గాలికి లేచిపోతున్నది.

"మరి ఎవర్ని పిలిచింది?"

"మేకను."

"మేకనా?"

"మన కుంటిమేకను. లోపటికి తోల్కరమ్మని ఒకటే గోల."

"తోల్కొచ్చినవా?"

"తోల్కొచ్చిన. పక్కల పండుకోబెట్టుమన్నది."

"తర్వాత?"

ఊపిరి అందలేదు. నిజంగానే అందలేదు. రాయికి చెయ్యి ఆనించి నిలబడ్డాను. కండ్ల ముందు నల్లగా చుక్కలు తిరిగాయి.

"ఈడ చెప్పరాదు. గాలాడతలేదు," అన్నాను. "కిందికి పోయినంక చెప్త."

తిరిగి ఎక్కడం మొదలుపెట్టాను. నాలుగడుగులు, నిలబడటం. నాలుగడుగులు, నిలబడటం. వెనక ఏ చప్పుడూ లేదు. ఇగ అంతే అనుకున్నాను. మళ్లీ నాలుగడుగులు వేశాను. అప్పుడు కింద ఒక రాయి దొర్లింది. ఆ తర్వాత దగ్గు వినబడింది.

పైన కిషన్‌సింగ్ ఆయనకు అంగీ తొడిగి, తన కంబళి కప్పి, నడుముకు తాడు కట్టాడు. తాడు రెండో కొస తన నడుముకు కట్టుకున్నాడు. సగం దిగామో లేదో వడగళ్లు పడ్డాయి.

ఆయన అక్కడ కూర్చుంటాడని నాకు తెలుసు. ఖేడ్‌లోనే తెలుసు. ఇందులో ఎక్కడా రాయలేదు.

అదే రోజు, మళ్లీ.

రాత్రి కాలేదు ఇంకా. మిగిలింది కూడా రాస్తాను.

నిన్న మకాం చేరాక కిషన్‌సింగ్ ఉప్పుచాయ కాచి ఇచ్చాడు. ఆయన గిన్నె పట్టుకొని నా ఎదురుగా కూర్చున్నాడు. తాగలేదు.

"తర్వాత?" అన్నాడు.

చెప్పాను. మేకను పక్కన పడుకోబెట్టాను. మేక నీలమ్మ బొంత కొసను నమలడం మొదలుపెట్టింది. కొంత మింగింది కూడా. నీలమ్మ చూసి నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక నా చెయ్యి పట్టుకొని, "అవ్వా, నాయినకు చెప్పకు. మేకను కొడ్తడు," అన్నది. తర్వాత నిద్రపోయింది. మేక కూడా నిద్రపోయింది. పొద్దుగూకే వేళకు మేక లేచింది.

అంతే.

ఆయన, "నేను ఎప్పుడన్న మేకను కొట్టిన్నా?" అని అడిగాడు.

"ఒకసారి కొట్టినవ్. పెసళ్ల సంచి చింపినప్పుడు."

"మెల్లగనే కొట్టిన గద."

"ఆ, మెల్లగనే."

ఆయన గిన్నె కింద పెట్టి రెండు చేతులతో ముఖం మూసుకున్నాడు. భుజాలు కదిలాయి. లక్ష్మవ్వ అటు తిరిగి కూర్చుంది. నేను చూస్తూ ఉన్నాను. నాకు ఏమీ అనిపించలేదు. అప్పటిదాకా ఎప్పుడూ అడగనిది ఒకటి గుర్తుకు వచ్చింది, అడిగాను.

"మేము పంపిన మనిషి బీదరుల నీకు ఎప్పుడు దొరికిండు?"

"పొద్దుగూకాలకు."

"బండి ఎప్పుడు కట్టినవ్?"

ఆయన చేతులు దించాడు. అబద్ధం చెప్పి ఉండవచ్చు. నాకు ఎట్లా తెలుస్తుంది?

"తెల్లారి, మాపటేళ దగ్గరబడ్డంక," అన్నాడు. "పత్తి కాంట అయితుండె. అది అయినంక పోదం అనుకున్న. జరమే గద, తగ్గుతది అనుకున్న."

ఆ రాత్రే బండి కట్టి ఉంటే మర్నాడు మధ్యాహ్నానికి ఇంట్లో ఉండేవాడు. నీలమ్మ నవ్వుతున్నప్పుడు గడప దగ్గర నిలబడేవాడు. మేకను కొట్టేవాడు కూడా, కొడితే కొట్టేవాడు.

కడుపులో నుంచి వేడిగా ఏదో లేచింది. మొదట కొండ రోగం అనుకున్నాను. చేతిలో ఉన్న చాయ ఆయన ముఖాన పోశాను. ఆ ఎత్తులో చాయ కాలేంత వేడిగా ఉండదు. ఆయన తుడుచుకోలేదు.

తిట్టాను. నాకు ఇన్ని తిట్లు వచ్చని తెలియదు. మా అవ్వ కన్నడంలో తిట్టేవి కూడా వచ్చాయి. "పత్తి తూసుకుంట కూసున్నవా? పత్తి? నేనొక్కదాన్నే కూసోబెట్టిన దాన్ని. గుంతల నేనొక్కదాన్నే చెయ్యి పెట్టిన. ఇప్పుడు నన్ను ఈ రాళ్లల్ల ఇడిసిపెట్టి నువ్వు గూడ కూసుంటవా? నేను ఎవర్ని తోల్కొని ఇంటికి పోవాలె?" అన్నాను. ఊపిరి అందక ఆగాను, అందాక మళ్లీ తిట్టాను.

డేరా బయట నుంచి కిషన్‌సింగ్ తొంగిచూసి ఏమైందని అడిగాడు.

లక్ష్మవ్వ వెనక్కి తిరగకుండానే, "కుచ్ నై బేటా. మొగుడుపెండ్లాలు మాట్లాడుకుంటుండ్రు," అన్నది. అతనికి అందులో ఏం అర్థమైందో, పోయాడు.

దిగుతున్నాం.

ఇవాళ కూడా కోపంగానే ఉంది.

తక్లాకోట్.

కోపం. రొట్టె రెండు తిన్నాను.

లిపులేఖ్ ఈవల.

కుడికాలి వేళ్లు రెండు నల్లబడ్డాయి. ఇన్నాళ్లూ తెలియలేదు. ఇప్పుడు నొప్పి మొదలైంది. కిషన్‌సింగ్ చూసి, నొప్పి ఉంటే మంచిదే, కాలు బతికి ఉన్నట్టే అన్నాడు. వెన్న రాసి ఉన్ని చుట్టాలట. ఆయన చేస్తానన్నాడు. కాలు ఇచ్చాను. కోపం ఉన్నా కాలు ఇవ్వక తప్పదు. గట్టిగా చుట్టాడు. "నొస్తుందా?" అంటే "నొస్తది మరి," అన్నాను.

గర్బ్యాంగ్.

కిషన్‌సింగ్ దగ్గర సెలవు తీసుకున్నాం. అతను ఆయన రెండు భుజాలూ పట్టుకొని ఊపి, నాకు మాత్రం వంగి నమస్కారం చేశాడు. లక్ష్మవ్వ తన కారం డబ్బా అతనికి ఇచ్చేసింది. సంగయ్య దారి పొడవునా నా వైపు చూసినప్పుడల్లా 'శరణు' అని చేతులు జోడిస్తున్నాడు. జంగమయ్య నాకు శరణు అనడమేమిటి? వద్దని చెప్పాను.

రైలులో.

కట్టుకోవడానికి బట్టలు లేవు ఆయనకు. నా మూట విప్పి ఆ రెండు జతలు ఇచ్చాను. చూసి, తీసుకున్నాడు. ఎక్కడివని అడగలేదు.

భాద్రపద శుద్ధ అష్టమి. నారాయణఖేడ్.

నాలుగు రోజుల నుంచి ఇల్లు జనంతో నిండి ఉంది. కైలాసం పోయివచ్చినవాళ్లమని కాళ్లు మొక్కుతున్నారు. ఎట్లా ఉంటది, శివుడు కనబడ్డాడా అని అడుగుతున్నారు. ఆయన అన్నీ వివరంగా చెబుతున్నాడు. దారి, కనుమ, సరోవరం. కనుమ మీద ఏం జరిగిందో చెప్పడు, నేనూ చెప్పను. సిర్గాపూర్‌లో లక్ష్మవ్వ ఏం చెబుతున్నదో మాత్రం తెలియదు.

దవాఖానలో ఒక వేలు తీసేశారు. ఇంకొకటి ఉంటుందన్నారు. కుంటుతూ నడుస్తున్నాను.

సంగన్న తాళంచేతులు తెచ్చి ఇచ్చాడు. ఆయన అవి మొలకు దోపుకున్నాడు.

కోపం ఇంకా ఉంది. రోజంతా ఉండదు. పొద్దున ఉంటుంది, మధ్యాహ్నం పనిలో మరచిపోతాను, దీపాలవేళకు మళ్లీ వస్తుంది. ఒక్కొక్కసారి కోపం వచ్చే చోట ఏడుపు వస్తున్నది. ఆయన ఉన్నాడా లేడా అని చూసుకోకుండానే ఏడుస్తున్నాను.

భాద్రపద శుద్ధ దశమి.

ఇవాళ జనం తగ్గారు. పొద్దున ఆయన గడపలో నిలబడి, "చేనుకు పోదమా?" అన్నాడు.

కార్తీకం నుంచి ఆయన చేనుకు పోలేదు. పోయినా ఆ వైపు పోలేదు.

కాలు నొప్పితో మెల్లగా నడిచాను. ఆయన నాకోసం ఆగుతూ నడిచాడు. జొన్న మోకాళ్లదాకా లేచింది. నీలమ్మ ఉన్న చోట గడ్డి పెరిగి, హద్దురాళ్లు కనబడటం లేదు. చేతితో తప్పించి చూపించాను.

"ముఖం ఎటు ఉన్నది?" అని అడిగాడు.

"ఇటు. ఉత్తరం దిక్కు."

ఆయన ఆ ముఖానికి ఎదురుగా, గడ్డిలో కూర్చున్నాడు. పద్మాసనం వేయలేదు. రైతు గట్టు మీద కూర్చున్నట్టు మోకాళ్లు ముడుచుకొని కూర్చున్నాడు. నేను కాసేపు నిలబడ్డాను. ఎంతసేపు కూర్చుంటాడో తెలియలేదు. ఎండ ఎక్కుతున్నది. ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.

"నేను పోత. వంట చెయ్యాలె," అన్నాను.

"పో," అన్నాడు.

వచ్చాను. దారిలో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చూడకుండా ఉండటం కష్టంగానే ఉంది. ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించాను. పుంటికూర పప్పు వేశాను. పిండి కలిపి రొట్టెలు కొట్టాను. మామూలుకంటే ఎక్కువ చేశాను. చేస్తూనే ఉన్నాను, పిండి అయిపోయేదాకా.

రొట్టెలు చల్లారకముందే వాకిట్లో కాళ్లు కడుక్కున్న చప్పుడైంది.

లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు. ముఖం ఎండకు ఎర్రబడింది, కండ్లు ఉబ్బి ఉన్నాయి. పళ్లెం పెట్టాను. రెండు రొట్టెలు తిన్నాక మాట్లాడాడు.

"గడ్డి బాగ పెరిగింది. మాపటేళ పొయ్యి కోసుకొస్త, మేకకు అయితది. కొడవలి ఏడ పెట్టినవ్?"

"దూలంల చెక్కి ఉన్నది. జర మొద్దుపోయింది, నూరుకో," అన్నాను.

ఇంకొక రొట్టె వేశాను. వద్దనలేదు.